స్టూడియోకు ఐ5-12400 తీసుకోవచ్చా? ఎఫ్ ఉన్నదా, లేనిదా?

అన్నా, మీరు అడిగింది ఇదీ అని ముందు పెడుతున్నాను, తర్వాత చదివేవాళ్లకు కూడా పనికొస్తుంది. హనుమకొండలో ఫొటో స్టూడియో. ఆల్బమ్ డిజైనింగ్, పెళ్లి వీడియో ఎడిటింగ్, జాతరలు, ఎన్నికలు వస్తే ఫ్లెక్సులు. ఇప్పుడున్న సిస్టం ఐ5-4570, 8 జీబీ ర్యామ్. ఫోటోషాప్‌లో ఫైల్ సేవ్ కొడితే టీ తాగి రావాల్సి వస్తోంది. రాత్రి బీటెక్ చదివే అబ్బాయి దాని మీదే కూర్చుంటాడు. దుకాణాయన ఐ5-12400ఎఫ్, హెచ్610 బోర్డు, 16 జీబీ ఒకే స్టిక్, చిన్న గ్రాఫిక్స్ కార్డు వేసి కొటేషన్ ఇచ్చాడు. తెలిసినాయన మాత్రం సెకండ్‌హ్యాండ్ ఐ7 చాలు అంటున్నాడు.

12400 తీసుకోండి, ఎఫ్ లేనిది, అంటే లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్. మీ కొటేషన్‌లో ప్రాసెసర్ లైను దాదాపు సరిగ్గానే ఉంది, మార్చాల్సింది దాని కింది లైన్లు.

సెకండ్‌హ్యాండ్ ఐ7 సంగతి ముందే తేల్చేద్దాం. అలా చౌకగా దొరికేది సాధారణంగా ఐ7-4770 లేదా 4790. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), పాతకాలపు డీడీఆర్3 ర్యామ్. మీ దగ్గరున్న 4570 కూడా ఆ నాలుగో జనరేషనే, కాబట్టి అదే ఇంట్లో గది మారినట్టు ఉంటుంది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో జనరేషన్ నుంచే. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. జీఎస్టీ, బ్యాంకు లాగిన్లు అదే సిస్టంలో చేసుకునేవాళ్లు ఈ మాట తేలిగ్గా తీసుకోవద్దు. జనరేషన్ చెప్పకుండా ఐ5, ఐ7 అనడం ఇంటి నంబరు చెప్పి ఊరు పేరు చెప్పకపోవడమే.

ఇక 12400. ఇంటెల్ 2022 జనవరిలో తెచ్చింది, పన్నెండో జనరేషన్. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఆరూ పెద్ద కోర్లే, అంటే పెర్ఫార్మెన్స్ కోర్లు. తర్వాత వచ్చిన 13400లో పెద్దవి ఆరుతోపాటు చిన్నవి నాలుగు ఉంటాయి, ఇందులో చిన్నవి లేవు. ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ, 18 ఎంబీ. బేస్ స్పీడు 2.5 గిగాహెర్ట్జ్, టర్బో 4.4. సాకెట్ ఎల్‌జీఏ1700. ర్యామ్ డీడీఆర్4 అయితే 3200 వరకు, డీడీఆర్5 అయితే 4800 వరకు. రెండిట్లో ఏది అనేది బోర్డును బట్టి, ఒక బోర్డులో రెండూ పట్టవు. లోపల యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్.

ఆ 2.5 అంకె చూసి చాలామంది బెదురుతారు. "నా పాతది 3.2 గదా, ఇది తగ్గిందేంటి" అని. బేస్ స్పీడు అంటే 65 వాట్లకు మించకుండా ఎంతసేపైనా తగ్గకుండా ఇచ్చే కనీస హామీ. అసలు పని అక్కడ జరగదు. ఒక్క కోర్‌కే పనిపడితే 4.4 దాకా వెళ్తుంది, ఆరు కోర్లూ ఒకేసారి నిండా పనిచేస్తే 4.0 దగ్గర నిలబడుతుంది. దానికి మించి, ఒక గిగాహెర్ట్జ్‌లో 4570 చేసే పనికీ 12400 చేసే పనికీ పోలికే లేదు. మధ్యలో తొమ్మిదేళ్ల డిజైన్ తేడా ఉంది. గిగాహెర్ట్జ్‌లను జనరేషన్ దాటి పోల్చకండి.

మీ పనిలో ప్రాసెసర్ ఎక్కడ అడ్డం పడుతోంది, ఎక్కడ పడట్లేదు అన్నది లెక్క వేస్తే తెలుస్తుంది. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు, 300 డీపీఐ. అంటే 10,800 × 3,600 పిక్సెళ్లు, దాదాపు 3.9 కోట్లు. ఆర్‌జీబీలో పిక్సెల్‌కు మూడు బైట్లు, కాబట్టి నిండుగా ఉన్న ఒక్క లేయర్ 117 ఎంబీ. పది లేయర్లు పెట్టి, వెనక్కి పోవడానికి హిస్టరీ ఉంచుకుని, అలాంటి షీట్లు నాలుగు తెరిస్తే 8 జీబీ ఎప్పుడో దాటిపోయింది. అప్పుడు ఫోటోషాప్ డిస్కు మీద రాయడం మొదలుపెడుతుంది. మీరు టీకి లేచిపోయేది అక్కడే. తప్పు మీ పాత ప్రాసెసర్ ఒక్కదానిదే కాదు. అదే 8 జీబీ, అదే హార్డ్ డిస్కు పెట్టి కొత్త ప్రాసెసర్ వేసినా టీ తప్పదు.

ఫ్లెక్సుకు వస్తే 20×10 అడుగులు, 72 డీపీఐలో 17,280 × 8,640 పిక్సెళ్లు. సీఎంవైకేలో లేయర్‌కు దాదాపు 600 ఎంబీ. కొందరు కుర్రాళ్లు ఆల్బమ్ అలవాటుతో ఫ్లెక్సు కూడా 300 డీపీఐలో తెరుస్తారు. అప్పుడు అదే లేయర్ 10 జీబీ దాటుతుంది, పీఎస్‌డీగా సేవ్ కూడా కాదు, ఎందుకంటే పీఎస్‌డీలో ఒక పక్కకు 30,000 పిక్సెళ్లే హద్దు. చౌరస్తాలో ఇరవై అడుగుల దూరం నుంచి చూసే బొమ్మకు 72 చాలు. ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే ఎంత ప్రాసెసర్ మిగులుతుందో చెప్పలేను.

అందుకే ర్యామ్ 32 జీబీ, రెండు 16 జీబీ స్టిక్కులుగా. సొమ్ము చాలకపోతే 16 జీబీ తీసుకోండి, కానీ రెండు 8లుగా. ఒకే స్టిక్ అయితే ప్రాసెసర్‌కు ఒక దారే. డీడీఆర్4-3200లో సెకనుకు 25.6 జీబీ. రెండు స్టిక్కులైతే 51.2. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది, కాబట్టి ఒకే స్టిక్ దెబ్బ దానికి మరీ ఎక్కువ. కొటేషన్లో ఒకే 16 జీబీ స్టిక్ ఎందుకు రాస్తారంటే "తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు" అని. ఆ తర్వాత అన్నది రాదు.

ఎఫ్ విషయం. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదు, అంతే. మిగతా చిప్పు అదే. గ్రాఫిక్స్ కార్డు లేకుండా తెర వెలగదు. అందుకే మీ కొటేషన్లో జీటీ 710 అనే ఆ చిన్న కార్డు పెట్టారు. ఎఫ్‌తో మిగిలిన దానికంటే ఆ కార్డుకే ఎక్కువ పోతుంది, పైగా అది యూహెచ్‌డీ 730 చేసే పని చేయదు. మీ కెమెరాలు ఇప్పుడు 10-బిట్ 4:2:2 హెచ్.265లో షూట్ చేస్తున్నాయనుకుందాం. ఆ ఫుటేజీని టైమ్‌లైన్ మీద ఆగకుండా ఆడించాలంటే దాన్ని విప్పే హార్డ్‌వేర్ చిప్పులో ఉండాలి. యూహెచ్‌డీ 730లో అది ఉంది, దాని పేరే క్విక్ సింక్. జీటీ 710కి హెచ్.265 విప్పడమే రాదు. ఇంకా విచిత్రం ఏంటంటే, ఎన్‌విడియా ఖరీదైన కార్డుల్లోనూ ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ వచ్చేదాకా 4:2:2కి హార్డ్‌వేర్ డీకోడ్ లేదు. ఎడియస్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు క్విక్ సింక్ సంగతి ముందే తెలుసు. ప్రీమియర్ కూడా దాన్ని వాడుకుంటుంది. ఒక మెలిక: 10-బిట్ 4:2:2 హెచ్.264 అయితే ఈ సాయం దొరకదు, కోర్లే కష్టపడాలి. కెమెరా మెనూలో రెండూ ఇస్తే హెచ్.265 ఎంచుకోండి.

వీడియోనే మీ ప్రధాన గిరాకీ అయితే ఐ5-12500 దొరుకుతుందేమో అడగండి. అవే ఆరు కోర్లు, టర్బో 4.6, అసలు తేడా యూహెచ్‌డీ 770, అందులో వీడియో ఇంజన్లు రెండు. మన దగ్గర దుకాణాల్లో కొంచెం అరుదు, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో అడిగి చూడొచ్చు. దొరక్కపోతే ఫికర్ వద్దు, 12400 చాలు.

రేపు కలర్ గ్రేడింగ్, ఏఐ డీనాయిస్ లాంటివి ఎక్కువ చేస్తే గ్రాఫిక్స్ కార్డు కావాలి, అది నిజం. అప్పుడు వేసుకోండి. ఆ రోజు ఒకటి గుర్తుంచుకోవాలి: కార్డు వేయగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి, క్విక్ సింక్ మాయమవుతుంది. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) ఐజీపీయూ మల్టీ మానిటర్ అనేది ఎనేబుల్ చేస్తే రెండూ పనిచేస్తాయి. మానిటర్ కేబుల్ మాత్రం కార్డుకు పెట్టాలి. బోర్డుకే ఉంచి "కొత్త కార్డు ఏం తేడా లేదు" అనేవాళ్లు తక్కువేం లేరు.

పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద తెలుగు డీటీపీ కూడా చేస్తారు గదా. పేజ్‌మేకర్ 7 2001 నాటిది, ఒక్క కోర్ మీదే నడుస్తుంది. దానికి ఆరు కోర్లైనా పదహారైనా ఒకటే. ఒక్క కోర్ వేగం ముఖ్యం, 12400లో అది బాగుంది. కానీ పాత సిస్టం తీసేసే ముందు మీ దగ్గరున్న అను వెర్షన్, దాని డాంగిల్ విండోస్ 11 64-బిట్‌లో ఎక్కుతాయో లేదో అమ్మినవాళ్లను అడగండి. పెళ్లిపత్రికల సీజన్ మధ్యలో ఈ లొల్లి పెట్టుకోవద్దు.

బోర్డు. హెచ్610 తప్పేం కాదు, 12400కి సరిపోతుంది. ఏం పోతుందో తెలిసి తీసుకోండి. ర్యామ్ స్లాట్లు రెండే. ఎం.2 ఎస్ఎస్‌డీ పీసీఐఈ మూడో జనరేషన్ (జెన్3) వేగంలోనే నడుస్తుంది, అంటే సెకనుకు 3,500 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. జెన్4 ఎస్ఎస్‌డీకి అదనంగా డబ్బు పెట్టకండి. బీ660 లేదా బీ760 అయితే జెన్4 స్లాటు, చాలా మోడళ్లలో నాలుగు ర్యామ్ స్లాట్లు, పవర్ ఇచ్చే భాగం మీద హీట్‌సింకు ఉంటాయి. ఈ చివరిది ఎందుకంటే, రేపు అదే బోర్డులో ఐ7-12700 వేద్దామనుకుంటే హీట్‌సింకు లేని చౌక హెచ్610 దాన్ని మోయలేదు. మార్చే ఆలోచన లేకపోతే హెచ్610 చాలు, ఆ తేడా సొమ్ము ర్యామ్‌లో పెట్టండి. మీ పాత మానిటర్ వీజీఏదే అయితే వీజీఏ పోర్టున్న హెచ్610 చూడండి, ఇప్పటికీ దొరుకుతున్నాయి.

13, 14 జనరేషన్ల గురించి మీరు విన్న గొడవ నిజమే. ఆ డెస్క్‌టాప్ చిప్పుల్లో కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల కాలక్రమంలో పాడై సిస్టం క్రాష్ అవడం, దానికి ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ అప్‌డేట్ ఇవ్వడం జరిగాయి. పన్నెండో జనరేషన్‌కు ఆ సమస్య లేదు.

ఏఎండీ వాళ్ల రైజెన్ అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. 5600జీకి లోపలి గ్రాఫిక్స్ గేమ్స్‌కు 730 కంటే మేలు, కానీ క్యాష్ 16 ఎంబీ, పీసీఐఈ మూడో జనరేషన్. 5600కి క్యాష్ 32 ఎంబీ, గేమ్స్‌కు బలమే, లోపల గ్రాఫిక్స్ లేదు. మీది వీడియో పని, అందుకే ఇంటెల్ వైపు చెప్తున్నాను. గేమ్స్ కోసమే అయితే ఈ సమాధానం వేరేలా ఉండేది.

వేడి సంగతి మన ఊరికి ప్రత్యేకంగా చెప్పాలి. 12400 బాక్సులో లామినార్ ఆర్ఎం1 అనే కూలర్ వస్తుంది, కింద పేస్టు ముందే రాసి ఉంటుంది. రెండర్‌లో ఆరు కోర్లూ నడిస్తే ప్రాసెసర్ 70 వాట్ల అటూ ఇటూ తాగుతుంది, ఆ కూలర్ దాన్ని మోస్తుంది. అయితే కూలర్ ఏదైనా గది గాలికంటే ఇన్ని డిగ్రీలు ఎక్కువలో ఉంచగలదు, అంతే. డిసెంబర్‌లో గది 25 ఉన్నప్పుడు 70 చూపించిన చిప్పు, మే నెలలో ఏసీ లేని షట్టర్ షాపులో గది 42 ఉంటే 87కు చేరుతుంది. ప్రాసెసర్ హద్దు 100. అక్కడికి చేరితే కాలిపోదు, తనే వేగం తగ్గించుకుంటుంది; మీకు కనపడేది రెండర్ నెమ్మదించడం. అందుకే ముందు అద్దం బిగించిన అందమైన క్యాబినెట్ కాకుండా ముందు జాలీ ఉన్నది తీసుకోండి, ముందొక ఫ్యాను లోపలికి, వెనకొకటి బయటికి. టేబుల్ కింద గోడకు ఆనించి పెట్టకండి.

దుమ్ము ఇంకో శత్రువు. ఎనుమాముల వైపు పత్తి మిల్లుల పక్కన దూది నూగు, కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి, మందమర్రి, గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ము. దూది నూగు మరీ మొండిది, ఫ్యాను కింద హీట్‌సింకు రెక్కల మీద కంబళిలా పరుచుకుంటుంది, పైనుంచి చూస్తే ఫ్యాను తిరుగుతూనే కనిపిస్తుంది. రెండు మూడు నెలలకోసారి బ్లోయర్‌తో కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే గాలికి అతివేగంగా తిరిగి బేరింగు పోతుంది.

బిగించేటప్పుడు మీరు పక్కనే నిలబడి చూడాల్సినవి ఉన్నాయి. పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి, వెంట్రుకల్లా సన్నగా. ఒకటి వంగినా ర్యామ్ ఒకటే కనపడటమో, అసలు ఆన్ కాకపోవడమో జరుగుతుంది, వారంటీ వాళ్లు ముందు చూసేది అదే. ప్రాసెసర్ మూలన బంగారు రంగు త్రికోణం, పక్కల గాట్లు సాకెట్‌తో కలవాలి, ఊరికే దించి వదలాలి, నొక్కకూడదు. లీవర్ వేసేటప్పుడు కరకరమని చప్పుడు, గట్టి బిగువు మామూలే. నల్ల ప్లాస్టిక్ మూత దానంతట అదే ఎగిరి వస్తుంది. ఆ మూత దాచండి, బోర్డు వారంటీకి పంపితే అడుగుతారు.

కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ పుష్ పిన్నులు. ఎదురెదురు మూలలు జతగా నొక్కాలి, ఒక్కొక్కటి టక్ మనాలి. నాబ్ మీద బాణం గుర్తు వైపు తిప్పితే ఊడుతుంది, కాబట్టి బిగించాక బాణం వైపు తిప్పకండి. టక్ మన్నా నమ్మకుండా బోర్డు తిప్పి వెనక చూడాలి: తెల్ల ప్లాస్టిక్ రెండుగా చీలి, మధ్యలో నల్ల పిన్ను పూర్తిగా దిగి ఉండాలి. కొత్త సిస్టం మొదటి వారమే వేడెక్కుతోందని వస్తే ఎక్కువసార్లు అక్కడ ఒక పిన్ను దిగి ఉండదు. మీ పాత సిస్టం కూలర్ మంచిదైనా దీనికి పట్టదు. పాత బోర్డుల్లో రంధ్రాల దూరం 75 మిల్లీమీటర్లు, ఎల్‌జీఏ1700లో 78.

ఆన్ చేసిన రోజే బయోస్‌లోకి వెళ్లండి. ర్యామ్‌ను రాసిన వేగంలో నడిపే ఎక్స్ఎంపీ అనే సెట్టింగు ఎనేబుల్ చేయకపోతే 3200 అని కొన్న ర్యామ్ 2400లోనో 2666లోనో నడుస్తూ ఉండొచ్చు, ఏళ్ల తరబడి ఎవరూ గమనించరు. నాలుగు స్లాట్ల బోర్డయితే స్టిక్కులు ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగో స్లాట్లలో. విండోస్ 11కు కావాల్సిన భద్రతా భాగం టీపీఎం ఇందులో పీటీటీ పేరుతో ఉంటుంది, వేరే చిప్పు కొనక్కర్లేదు. అబ్బాయి కోసం వీటీ-ఎక్స్ ఆన్‌లో ఉందో చూడండి. అది ఆఫ్ అయితే ఆండ్రాయిడ్ స్టూడియో ఎమ్యులేటర్ లేవదు, వర్చువల్ మిషన్లు నడవవు. అతని కోడింగుకు, లైనక్స్‌కు ఈ ప్రాసెసర్ నాలుగేళ్లు ధీమాగా సరిపోతుంది. వాలరెంట్ లాంటివి యూహెచ్‌డీ 730 మీద ఆడుకుంటాడు, అంతకు మించి పెద్ద గేమ్స్ ఆశించొద్దు. మెషిన్ లెర్నింగ్ అంటే అది గ్రాఫిక్స్ కార్డు పని, ప్రాసెసర్ పెంచితే తీరేది కాదు.

తర్వాత దుకాణంలోనే సినీబెంచ్ ఆర్23 అనే ప్రాసెసర్ వేగం పరీక్ష పది నిమిషాలు నడిపించమనండి. అన్ని కోర్లకు కలిపి 12 వేల దాపున, ఒక్క కోర్‌కు 1,700 దగ్గర రావాలి. టాస్క్ మేనేజర్‌లో స్పీడు 4 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబడాలి. మూడుకు పడిపోయి టెంపరేచర్ 100 దగ్గరుంటే పుష్ పిన్ను. మూడుకు పడిపోయి టెంపరేచర్ 60 దగ్గరే ఉంటే బోర్డు పవర్ లిమిట్, బయోస్‌లో చూడాలి. ప్రాసెసర్ సీల్డ్ బాక్సే తీసుకోండి, దానికి ఇంటెల్ మూడేళ్ల వారంటీ. ట్రే పీసు, అంటే బాక్సు లేకుండా విడిగా అమ్మే చిప్పు, చౌకగా వస్తుంది కానీ కూలర్ రాదు, వారంటీ అమ్మినవాడి మాట మీదే. బాక్సు మీది బ్యాచ్ నంబరు, చిప్పు మీద చెక్కిన నంబరు ఒకటేనా అని బిగించక ముందే ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి.

క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్ (సిస్టంకు కరెంటు ఇచ్చే పెట్టె) వద్దు. 450 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ ఉన్న పేరున్నది చాలు. కార్డు లేకుండా ఈ సిస్టం నిండా పనిచేసినా 120 వాట్ల దగ్గరే ఉంటుంది, మానిటర్‌తో 150 లోపు. 600 వీఏ యూపీఎస్ పెడితే బ్యాటరీ బాగున్నన్నాళ్లు పది నిమిషాల దాకా ఇస్తుంది, ఫైళ్లు సేవ్ చేసి మూయడానికి అది చాలు. షాపులో ఇప్పటికే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే దాని మీద సిస్టం నడపొద్దు. మంచి ఎస్ఎంపీఎస్‌లు కూడా ఆ కరెంటుకు టక్కున ఆగిపోతుంటాయి. జనం అప్పుడు ఎస్ఎంపీఎస్ బాలేదంటారు. ఎర్తింగ్ లేని ప్లగ్గు అయితే ముందు అది వేయించండి, క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమనడం కంప్యూటర్ జబ్బు కాదు.

కాబట్టి దుకాణాయన దగ్గర కొటేషన్ ఇలా మార్చి రాయించండి: 12400 బాక్సు పీసు, డీడీఆర్4 హెచ్610 బోర్డు, రెండు 16 జీబీ 3200 స్టిక్కులు, 1 టీబీ జెన్3 ఎన్‌వీఎంఈ (ఎం.2) ఎస్ఎస్‌డీ, జాలీ క్యాబినెట్, విడిగా ఎస్ఎంపీఎస్. జీటీ 710 లైను కొట్టేయించండి. పాత హార్డ్ డిస్కులను డేటా కోసం ఇందులోనే తగిలించుకోండి, హెచ్610లో సాటా పోర్టులు నాలుగు ఉంటాయి. పాత 4570 సిస్టంను అమ్మితే పెద్దగా రాదు. చిన్న సాటా ఎస్ఎస్‌డీ ఒకటి వేసి, ఇంటర్నెట్ తీసేసి, అను ఫాంట్ల పని దాని మీదే ఉంచుకోండి.